మంత్రం మీద మంత్రం వేస్తే...

పౌరాణిక సినిమాల్లో ఒకరు ఆగ్నేయాస్త్రం వేస్తే ఎదుటివారు వారుణాస్త్రం సంధిస్తారు. నిప్పు ఆరిపోతుంది, కథ ముందుకు సాగుతుంది. అదే బల్ల మీద ఆడుకునే ఆటలో అయితే? ఎవరి అస్త్రం నెగ్గిందో ముందే రాసిపెట్టిన దర్శకుడు ఉండడు. నియమాలే తేల్చాలి. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడేవాళ్లు గొంతు పెంచి వాదించుకునే సందర్భాల్లో ఇదొకటి.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు రూపొందించిన ఈ ఆట 1974లో వచ్చింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు యోధుడు, ఒకరు దొంగ, ఇంకొకరు మాంత్రికుడు. కథ నడిపేదీ, తీర్పు చెప్పేదీ డంజన్ మాస్టర్. దెబ్బ ఎంత తగిలిందో పాచికలు చెబుతాయి. నెలల తరబడి పెంచుకున్న పాత్ర ఒక్క పందెంతో పోవచ్చు. అందుకే మంత్రాల లెక్క తేలిగ్గా తీసుకునేది కాదు.

2014లో వచ్చిన ఐదో కూర్పులో, 2024 నాటి సవరణలోనూ మూలసూత్రం ఒక్కటే. వేర్వేరు మంత్రాలు ఒకేచోట పడితే రెండూ పనిచేస్తాయి. ఒకే మంత్రాన్ని ఇద్దరు వేస్తే మాత్రం ఫలితం రెట్టింపు కాదు. రెండింటిలో బలమైనదే లెక్కలోకి వస్తుంది. గొడుగు మీద ఇంకో గొడుగు పట్టినా వాన ఆగేది ఒక్కసారే కదా!

మరి ఇద్దరు మాంత్రికులు వరసగా 'ఫైర్‌బాల్' విసిరితే? రెండు దెబ్బలూ తగులుతాయి. ఆ మంట క్షణంలో ముగిసిపోతుంది కాబట్టి రెండు మంత్రాలూ ఒకే సమయంలో నిలిచి ఉండవు. 'మీటియర్ స్వార్మ్' కథ వేరు. ఉల్కలు నాలుగు చోట్ల పడతాయి. ఒక్కోటీ నలుదిక్కులా 40 అడుగుల మేర పేలుతుంది. ఆ వలయాలు ఒకదానిమీద ఒకటి పడినచోట నిలబడ్డా దెబ్బ ఒక్కసారే అని మంత్రంలోనే రాశారు. ఒక్క దెబ్బకే 40 పాచికలు వెయ్యాలి. నాలుగుసార్లు లెక్కిస్తే 160! ఎంతటి రాక్షసుడైనా బతికి బట్టకట్టడం కష్టం.

కొన్ని మంత్రాలకు పక్కపక్కన పొసగదు. రెండో స్థాయి మంత్రం 'డార్క్‌నెస్' తన పరిధిని తాకిన చిన్న మంత్రదీపాలను ఆర్పేస్తుంది. మూడో స్థాయి 'డేలైట్' వస్తే ఆ చీకటే పారిపోతుంది. అంచు అంచును తాకినా చాలు, చీకటి మొత్తం మాయం.

ఇంకొన్ని కలిస్తే ప్రమాదం. గోబ్లిన్‌లను పట్టి ఉంచడానికి మాంత్రికుడు 'వెబ్' వేశాడు. 20 అడుగుల మేర సాలెగూడు. అందులో తమ జట్టు దొంగ కూడా చిక్కుకున్నాడు. కంగారులో ఫైర్‌బాల్ వేస్తే ఆ పేలుడు దెబ్బ అందరికీ ఒకటే, సొంతవాడని చూడదు. పైగా గూడుకు నిప్పంటుకుంటుంది. తన వంతు వచ్చేసరికి ఆ మంటలో ఉన్నవాడికి మరో రెండు పాచికల దెబ్బ. దొంగకు విడుదల దొరకడం నిజమే... ప్రాణం మిగిలితే!

పుస్తకం మౌనంగా ఉన్నచోట వాదన మొదలవుతుంది. నేలను జారుడుగా మార్చే 'గ్రీజ్' మీద నిప్పు పడితే అంటుకుంటుందా? 2014 పుస్తకం ఏమీ చెప్పలేదు. జిడ్డు అన్నాక మండాల్సిందే అని ఒకరు, రాయనిది ఎలా ఒప్పుకుంటామని ఇంకొకరు. చివరికి 2024 పుస్తకంలో అది మండని జిడ్డు అని రాసేశారు.

అన్నిటికీ పుస్తకం సమాధానం చెప్పలేదు. అలాంటప్పుడు డంజన్ మాస్టర్ మాటే చెల్లుతుంది. అనుభవం ఉన్న ఆటగాళ్లు మంత్రం వేశాక వాదించరు, వెయ్యకముందే అడుగుతారు. మాస్టర్ చెప్పిన తీర్పును ఒకచోట రాసుకుంటారు. ఎందుకంటే ఈ ఆదివారం గోబ్లిన్‌ల మీద ఒప్పించుకున్న లెక్కే వచ్చే ఆదివారం శత్రు మాంత్రికుడి చేతిలోనూ ఉంటుంది. అప్పుడు సాలెగూట్లో చిక్కుకునేది ఎవరో చెప్పలేం!