ఘంటసాల మెడలో దండలు తీయండి

మన తెలుగువాళ్ళకి ఒక మనిషిని ఊరికే ఇష్టపడటం చేతకాదు. ఇష్టపడ్డామా, గుడి కట్టేస్తాం. గుడి కట్టాక లోపలున్నాయనతో మాట్లాడే పనేముంది? కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం నోట్లో వేసుకుని వచ్చేయడమే. ఘంటసాల వెంకటేశ్వరరావు గారి విషయంలో మనం చేసిందిదే.

ఏటా డిసెంబరు 4న జయంతి, ఫిబ్రవరి 11న వర్ధంతి. సభ విజయవాడలో అయినా డాలస్‌లో అయినా తంతు ఒకటే. జ్యోతి ప్రజ్వలన, అమరగాయకుడు, గానగంధర్వుడు, న భూతో న భవిష్యతి, భారతరత్న ఇవ్వాలని ఒక తీర్మానం. ఆ తర్వాత కరోకీ ట్రాకుల మీద అవే పాతిక పాటలు. మధ్యలో ఎవరైనా లేచి "ఏ.ఎం. రాజా పాట ఒకటి పాడతానండీ" అంటే నిర్వాహకులు గడియారం చూసుకుంటారు.

ఒక చిన్న పరీక్ష పెడతాను. పాతాళభైరవి (1951)లో 'ప్రేమకోసమై' పాట పాడిందెవరు? ఘంటసాల అభిమానులమని చెప్పుకునేవాళ్ళని అడిగి చూడండి. పదిమందిలో చాలామంది ఘంటసాల అనే అంటారు. కాదు, వి.జె. వర్మ. ఆ సినిమాకి సంగీత దర్శకుడు ఘంటసాలే. హీరోకి గొంతిచ్చిందీ ఆయనే. అయినా ఆ పాటకి తన గొంతు వద్దనుకుని ఇంకొకరి చేత పాడించాడు. డెబ్భై ఏళ్ళు దాటినా జనం మర్చిపోని పాటకి గాయకుడి పేరు మాత్రం జనం దగ్గర లేదు. ఇది వర్మకి జరిగిన అన్యాయం. పిలిచి పాడించిన ఘంటసాల తెలివినీ మనం గుర్తించలేదు కాబట్టి, ఇందులో ఆయనకి జరిగిన అన్యాయం కూడా ఉంది.

సంగీత దర్శకుడిగా ఆయన్ని మనం వినలేదన్నది నా మొదటి ఆరోపణ. మాయాబజార్ (1957)లో ఘటోత్కచుడి భోజనం పాట మాధవపెద్ది సత్యానిది. లవకుశ (1963)లో ఆ పిల్లలిద్దరి పాటలూ లీల, సుశీలలవి. షావుకారు (1950)లో రావు బాలసరస్వతీదేవి పాడిన పాట ఎంత పల్చగా, ఎంత దగ్గరగా వినిపిస్తుందో! ఏ పాటకి ఏ గొంతు కావాలో ఆయనకి తెలుసు. అన్ని పాటలకీ ఒకే గొంతు చాలు అనుకుంటున్నది ఆయన భక్తులే.

రెండో ఆరోపణ కొంచెం ఘాటైంది. "దేవుడిచ్చిన గొంతు" అనే మాట పొగడ్త కాదు, అవమానం. విజయనగరంలో మాధుకరం ఎత్తి కడుపు నింపుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్న కుర్రాడాయన. 1942 ఉద్యమంలో జైలుకి వెళ్ళొచ్చినవాడు. మద్రాసు వెళ్ళి కష్టాలు పడి పైకొచ్చినవాడు. ఇంత చెమటనీ తుడిచేసి "దైవదత్తం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఆ పద్యం పాడే పద్ధతిని ఆయన ఎలా సాధించాడో అడగాల్సిన పని ఉండదు. రంగస్థలం మీద రాగాలాపనే పద్యాన్ని మింగేస్తున్న కాలంలో, మాటకి అర్థం చెడకుండా, భావం దాటకుండా పద్యాన్ని సినిమాకి పట్టేలా మలచడం పెద్ద ఆలోచన. ఆ ఆలోచన గురించి సభల్లో ఒక్క ఉపన్యాసం విన్నారా?

ఆఖరికి ఆయన భగవద్గీతని ఏం చేశాం? ఆయన పోయాక విడుదలైన రికార్డు అది. ఇవాళ వీధి చివర ఆ గొంతు వినపడగానే మనం అడిగే మొదటి ప్రశ్న, "ఎవరు పోయారు?" వైకుంఠరథం మీద మైకుకి అప్పజెప్పేశాం. కూర్చుని పూర్తిగా విన్నవాళ్ళకి తెలుస్తుంది, ఆ గొంతులో అలసట ఉంది. ఆ అలసటే దానికి అందం అని నా నమ్మకం. కానీ వినేదెవరు?

ఇక మూడోది. ఈ గుడి నీడలో ఎవరెవరు మాసిపోయారో చూడండి. మిస్సమ్మ (1955)లో ఎన్.టి. రామారావుకి పాడింది ఏ.ఎం. రాజా. "అవి కూడా ఘంటసాల పాడుంటేనా!" అని నిట్టూర్చేవాళ్ళని చాలామందిని చూశాను. నేనైతే ఒప్పుకోను. ఆ సినిమాలో హీరో ఉద్యోగం కోసం లేని పెళ్ళాన్ని ఉన్నట్టు చెప్పుకున్న బక్క మేష్టారు. అతని పాటలో ఉండాల్సింది కొంటెతనం, కాస్త బెరుకు. సాలూరి రాజేశ్వరరావు ఆ రెండూ రాజా గొంతులో పట్టుకున్నాడు. వాక్యం చివర ఒత్తకుండా వదిలేసే రాజా అలవాటు వల్లే 'తెలుసుకొనవె యువతి' వెక్కిరింతలా కాక సరసంలా వినిపిస్తుంది. అదే మాటల్ని నిండు గొంతుతో పాడితే నీతిబోధ అయ్యేది.

చిత్తూరు జిల్లాలో పుట్టిన ఆ రాజాని తమిళులూ మలయాళీలూ ఇప్పటికీ తమవాడిగా తలుచుకుంటారు. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ కన్నడిగులకి రాజ్‌కుమార్ గొంతు. మనకి? "ఆయన కూడా కొన్ని మంచి పాటలు పాడాడండీ." ఆ "కూడా" ఉంది చూశారూ, అందులో ఉంది మన రసికత అంతా!

"అభిమానం ఎవరికి నష్టం?" అంటారు. పిల్లలకి నష్టం. మెత్తటి గొంతుతో పుట్టిన కుర్రాడు పాతపాట ఎత్తుకుంటే "గొంతులో బేస్ లేదమ్మా" అంటాం. వాడు ఛాతీ బిగించి లేని గాంభీర్యం తెచ్చుకుంటాడు. మగగొంతు అంటే ఇలాగే ఉండాలని మనం గీసిన గీత అది. రాజా, శ్రీనివాస్ ఆ గీతకి అవతల నిలబడి పాడినవాళ్ళు. వాళ్ళని వినకపోతే ఆ కుర్రాడికి తన గొంతుకీ చోటుందని చెప్పేదెవరు?

ఇప్పుడు బాలు వంతు వచ్చింది. 2020 సెప్టెంబరు 25 నుంచీ ఆయనకీ దండలు మొదలయ్యాయి. నవ్వుతూ, ఆటపట్టిస్తూ, అప్పుడప్పుడూ అతి చేస్తూ పాడిన ఆ మనిషిని కూడా విగ్రహం చేసేదాకా మనకి నిద్రపట్టదు.

కాబట్టి, అడక్కపోయినా నా చిట్టా ఇస్తున్నాను. విప్రనారాయణ (1954)లో రాజా పాటలు, అన్నీ, రాత్రిపూట. పెళ్ళికానుక (1960), దానికి సంగీతం కూడా రాజాదే. సుశీలతో పాడిన 'కన్నులతో పలకరించు' రెండుసార్లు వినండి, రెండోసారి వెనక వాయిద్యాల కోసం. మంచి మనిషి (1964)లో శ్రీనివాస్ 'ఓహో గులాబి బాలా'. దేవదాసు (1953)లో మగపాటలు వదిలేసి, బాలసరస్వతీదేవి పాడినవి. ఇవన్నీ విన్నాక మళ్ళీ ఘంటసాల దగ్గరికి రండి. ఆయన ఇదివరకటి కంటే గొప్పగా వినిపిస్తాడు. ఎందుకంటే అప్పుడు ఆయన పక్కన మనుషులుంటారు.

వచ్చే డిసెంబరు 4న ఏదో ఒక ఊళ్ళో, ఘంటసాల స్వరపరిచి ఇంకొకరు పాడిన పాటలతో మాత్రమే సభ నడపండి. టిక్కెట్టు పెట్టినా సరే, ముందు వరసలో నేనుంటాను.