ఎర్రగీత గోలీలు ఊరికే మింగొద్దు

సర్ది పట్టినా, ఒళ్లు కాగినా మెడికల్ షాపుకు పోయి ఎర్రగీత ఉండే యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకునే అలవాటు మన కంగ్టి పల్లెల్లో పాతుకుపోయింది. రెండు పూటలు వేసుకుంటాం. ఒళ్లు తేలికపడగానే మిగిలినవి గూట్లో పెడతాం. మరోసారి అవే బిడ్డకు వేస్తాం. ఈ అలవాటు వల్ల బ్యాక్టీరియా మందుకు లొంగకుండా తయారై, ప్రాణాల మీదికి తెస్తుంది.

మందుకు లొంగని బ్యాక్టీరియా ఒక్క రకం కాదు. దవాఖానలో ఉండేది వేరు, బర్రెల కొట్టంలోది వేరు, కోళ్ల ఫారంలోది వేరు, మోరీ నీళ్లలోది వేరు. ఒకటి మందును ముక్కలు చేస్తుంది. ఇంకొకటి లోపలికి వచ్చిన మందును బయటికి తోసేస్తుంది. మరొకటి మందు పనిచేసే చోటునే మార్చేసుకుంటుంది. ఈ శక్తి వాటి జన్యువుల్లో ఉంటుంది. అసలు భయం ఇక్కడే ఉంది. ప్లాస్మిడ్ అనే చిన్న జన్యు వలయం ద్వారా ఒక బ్యాక్టీరియా ఆ శక్తిని పక్కదానికి అందిస్తుంది, జాతి వేరైనా సరే. పెంటకుప్పలో పుట్టిన మొండితనం మన పేగుల్లోకి చేరడానికి కడగని చెయ్యి చాలు, మురుగు కలిసిన నీళ్లు చాలు.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. మన సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరులో 2007 నాటికి సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధిచేస్తున్న కేంద్రం ఉంది. అక్కడి నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఆ గోలీ మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. ఆ కేంద్రంలో సేకరించిన బ్యాక్టీరియాలో నూటికి 86 రకాలు ఇరవై లేదా అంతకుమించిన మందులకు లొంగలేదని 2013లో తేలింది. మందులను తట్టుకునే జన్యువులు ఆ ప్రాంతంలోని కాజిపల్లి చెరువులో ఎన్నో రకాలున్నాయని, వాటిని మోసుకుపోయే ప్లాస్మిడ్‌లూ ఉన్నాయని 2014లో బయటపడింది.

పటాన్‌చెరు మనకు దూరమే కదా అనుకోవద్దు. పనికోసం, దవాఖాన కోసం సంగారెడ్డికి, బీదర్‌కు, హైదరాబాద్‌కు పోయివచ్చే మనుషులం. మనతోపాటు మన పేగుల్లోని సూక్ష్మజీవులూ ప్రయాణం చేస్తాయి. 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది మొండి బ్యాక్టీరియా వల్లే చనిపోయారని అంచనా.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకండి. మందు మొదలుపెట్టి రెండు మూడు రోజులైనా జ్వరం దిగకపోవడం. మూత్రంలో మంట మళ్లీ మళ్లీ రావడం. పుండు మానక చీము పట్టడం. పసిబిడ్డ పాలు తాగకపోవడం, ఊపిరి వేగంగా తీయడం. బాలింతకు జ్వరం రావడం. అప్పుడు గోలీ మార్చిమార్చి చూడకండి, నేరుగా దవాఖానకు పొండి. కల్చర్ పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో అందులో తెలుస్తుంది.

మందు పట్టీ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే, డాక్టరు చీటీ లేకుండా కొనకండి. మామూలు సర్దికి యాంటీబయాటిక్ పనిచేయదు. ప్రతి జ్వరానికీ సూది వేయమని ఆర్‌ఎంపీని బతిమాలకండి. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి, మధ్యలో మానకండి. మిగిలిన గోలీలు మోరీలో పారేయకండి. బర్రెకు పొదుగువాపు సూది వేయిస్తే, పశువైద్యుడు చెప్పిన గడువు దాకా ఆ పాలు తాగకండి, అమ్మకండి. కొట్టం పని కాగానే చేతులు సబ్బుతో కడగండి.

పంచాయతీ పెద్దలకూ ఒక విన్నపం. మంచినీళ్ల పైపు మోరీలోంచి పోతుంటే ఈ వారమే మార్పించండి. మెడికల్ షాపుల తమ్ముళ్లారా, చీటీ లేనివాళ్లకు ఎర్రగీత మందు ఇవ్వకుండా వెనక్కి పంపండి. కొత్త యాంటీబయాటిక్ కనిపెట్టాలంటే ఏళ్లు పడుతుంది. ఉన్నవాటిని కాపాడుకోవడం మాత్రం ఈ రోజే మన చేతిలో ఉంది. మీ ఇంట్లో గూట్లో దాచిన గోలీలుంటే, వాటిని ఎవరికీ వేయకండి.