దాదాగారి ఉస్తరా

ఇంట్లో పాత ట్రంకుపెట్టె సర్దుతుండగా తమ దాదాగారి ఉస్తరా దొరికిందని ఒక సోదరుడు మాకు వ్రాశారు. దానికి పదును పెట్టుకొని ఖత్ తీసుకోవడానికి వాడవచ్చునా అన్నది వారి మొదటి ప్రశ్న. త్వరలో పుట్టబోయే బిడ్డకు ఏడవ రోజున అదే ఉస్తరాతో తల గొరిగించాలని ఇంట్లో పెద్దలు ముచ్చటపడుతున్నారు, అది సరియేనా అన్నది రెండవది. ఈ రెండింటికీ మా సమాధానాలు వేర్వేరు.

రెండవదానికి ముందుగా చెబుతాము: వద్దు. శిశువు తల గొరిగించడం సున్నత్ గానీ, ఫలానా కత్తితోనే గొరిగించాలన్నది సున్నత్ కాదు. పెద్దల జ్ఞాపకాన్ని గౌరవించడానికి వేరే మార్గాలు ఎన్నో ఉన్నాయి. పసికందు చర్మం మిక్కిలి పలుచన. నడినెత్తిన మాడు ఇంకా పూడి ఉండదు. అది పూర్తిగా పూడేందుకు దాదాపు ఏడాదిన్నర పడుతుంది. పైగా తండ్రి తన ముఖానికి వాడుతున్న ఉస్తరానే బిడ్డకూ వాడటం ఎంతమాత్రం తగదు. కంటికి కనిపించనంత చిన్న గాటు చాలు, ఒకరి రక్తం మరొకరిని చేరడానికి. హెపటైటిస్-బి వైరస్ శరీరం వెలుపల కూడా కనీసం 7 రోజులు బ్రతికి ఉండగలదని వైద్యులు చెబుతున్నారు. పాత ఉస్తరాల పిడి తరచుగా కొమ్ముతో చేసి ఉంటుంది. నీళ్ళలో మరిగిస్తే అది వంకర పోతుంది, పగులుతుంది. మరిగించకుండా తుడిస్తే పిడి, అలుగు కలిసే సందు శుభ్రపడదు. కాబట్టి బిడ్డకు అనుభవజ్ఞుడైన క్షురకుని పిలిపించి, మీ కళ్ళెదుట విప్పిన కొత్త బ్లేడుతో గొరిగించండి. మంగలి దుకాణంలో మీరు కూర్చున్నప్పుడు కూడా ఈ ఒక్క మాట అడగడానికి మొహమాటపడకండి.

ఇక మొదటి ప్రశ్న. ఉస్తరా ఒక్కరి సొంతానికే పరిమితమైతే, అలుగు ఆరోగ్యంగా ఉంటే, నిశ్చింతగా వాడుకోవచ్చు. అలుగు ఆరోగ్యం ఎలా తెలుస్తుంది? వెలుతురులో వాదరను కంటికి ఎదురుగా పట్టి చూడాలి. పదునైన వాదర వెలుతురును తిప్పికొట్టదు, కనిపించదు. సన్నని తెల్లని గీత మెరిసిందంటే అక్కడ మొద్దుబారినట్టు. ఇది నూరితే పోతుంది. అలుగు నడుమ ఉన్న నల్లని మచ్చల వలన కూడా పెద్ద నష్టం లేదు. కానీ తుప్పు గుంటలు వాదర దాకా పాకి ఉంటే ఎంత నూరినా అక్కడ ఉక్కు పొడిపొడిగా రాలుతూనే ఉంటుంది. ఎక్కడైనా చిట్లిన గీత ఉంటే, లేదా అలుగుపై నీలిరంగు కమ్మి ఉంటే, ఆ ఉస్తరాను జ్ఞాపికగా దాచుకోవడమే మేలు. ఆ నీలిరంగు ఎప్పుడో సానచక్రం మీద పెట్టినప్పుడు వేడెక్కి, ఉక్కు తన గట్టితనాన్ని కోల్పోయిందనడానికి గుర్తు. వీధిలో చక్రం తిప్పుకుంటూ వచ్చే సోదరుడు కూరగాయల కత్తికి చక్కగా సాన పడతాడు. ఉస్తరాను మాత్రం ఆయన చేతికి ఇవ్వవద్దు.

వంటింటి నూరుడు రాయి కూడా పనికిరాదు. గరుకైన రాయి వాదరను రంపపు పళ్ళలా చేస్తుంది. నీటితో వాడే సన్నని సానరాళ్ళు కావాలి. వాటి సన్నదనాన్ని అంకెలతో సూచిస్తారు. చాలా ఏళ్ళుగా మొద్దుబారి ఉన్న ఉస్తరాకు 1000 అంకె రాయితో మొదలుపెట్టి, 4000, 8000 మీదుగా, వీలైతే 12000 వరకు వెళ్ళాలి. బెల్జియం దేశపు ఆర్డెన్ కొండలలో దొరికే కోటిక్యూల్ అనే పసుపు రాయి ఈ పనికి తరతరాలుగా పేరుపొందింది. అందులో సహజంగా ఉండే సూక్ష్మమైన గార్నెట్ రేణువులే ఉక్కును అరగదీస్తాయి.

నూరే విధానంలో ఒక చక్కని రహస్యం ఉంది. ఎంత వాలుగా పట్టాలన్న సందేహానికి తావు లేకుండా ఉస్తరా తన కొలతను తానే మోసుకొస్తుంది. అలుగును రాయి మీద పరిస్తే మందమైన వెన్ను, పలుచని వాదర, రెండూ ఒకేసారి రాతిని తాకుతాయి. ఆ వెన్ను మందమే వాలును నిర్ణయిస్తుంది. రెండు పక్కల వాలు కలిపి సాధారణంగా 16 లేక 17 డిగ్రీలు ఉంటుంది. మనం చేయవలసిందల్లా వెన్నును పైకి లేపకుండా, వాదర ముందుండేలా తోయడం. రాయి చివర వెన్ను మీదుగా తిప్పి రెండవ పక్కను అలాగే వెనక్కు తేవడం. బలం వద్దు, అలుగు బరువే చాలు. తొందరపడి అదిమితే పలుచని అలుగు వంగి, నడుమ ఒక తీరుగా, కొసన ఒక తీరుగా అరుగుతుంది. మొదటి రాయి మీద పని పూర్తయ్యేదాకా రెండవ రాయి తాకవద్దు. మా విద్యార్థులలో అరబీ అక్షరాలు కుదరకముందే ఖుర్ఆన్ పఠనానికి ఉవ్విళ్ళూరేవారు ఉంటారు. ఇక్కడా ఆ ఆత్రుతే ఎక్కువగా పని చెడగొడుతుంది.

రాయి పని ఏడాదికి ఒకటి రెండు మార్లే. ప్రతిసారీ చేయవలసింది తోలుపట్టీ మీద దిద్దుకోవడం. 2020లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక ఆసక్తికరమైన విషయం ప్రచురించారు. ఉక్కుకంటే వెంట్రుక దాదాపు 50 రెట్లు మెత్తనిది. అయినా కోత పడే వేళ వెంట్రుక వంగినప్పుడు, ఉక్కులో నిర్మాణం సమంగా లేని చోట వాదర నుండి సూక్ష్మమైన పెచ్చు లేచిపోతుందట. వారు పరీక్షించినవి బజారులో దొరికే బ్లేడులే గానీ, గెడ్డాన్ని గోరువెచ్చని నీటితో కొన్ని నిమిషాలు నానబెట్టమని పెద్దలు ఎందుకు చెప్పేవారో దీనితో మరింత బోధపడుతుంది. నీరు పీల్చిన వెంట్రుక మెత్తబడి తేలికగా తెగుతుంది.

తోలుపట్టీ మీద దిశ తారుమారవుతుంది: ఇక్కడ వెన్ను ముందు, వాదర వెనుక. దీన్ని మరచి రాయి మీద తోసినట్టు తోస్తే తోలు తెగుతుంది, వాదరా చెడుతుంది. ముందుగా ముతక గుడ్డపట్టీ మీద 20 మార్లు, తర్వాత తోలు మీద 40 లేక 50 మార్లు చాలు. పట్టీని బిగుతుగా లాగి పట్టాలి. వదులైతే అది వాదర చుట్టూ వంగి దాన్ని గుండ్రంగా చేసేస్తుంది. నడుముకు కట్టే బెల్టు పనికివస్తుందని కొందరంటారు. దాని మీద రంగు, మెరుపు పూత ఉంటాయి గనుక మేము దానిని సమ్మతించము.

పదును పెరిగితే ప్రమాదం పెరుగుతుందని ఇంట్లో స్త్రీలు భయపడటం సహజమే. నిజానికి తెగనిది మొద్దుబారిన ఉస్తరాయే. అది తెగనప్పుడు చేయి అదుముతుంది, అదిమినప్పుడు జారుతుంది. జిబహ్ చేసేవాడు తన కత్తిని ముందుగా పదును పెట్టుకొని జంతువుకు బాధ తగ్గించాలన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆదేశం సహీహ్ ముస్లింలో షద్దాద్ బిన్ ఔస్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖనంగా ఉంది. జంతువు పట్లనే ఇంత శ్రద్ధ ఉన్నప్పుడు మన ముఖం పట్ల ఉండవద్దా?

ముఖం మీద అలుగును చర్మానికి దాదాపు 30 డిగ్రీల వాలులో పట్టి, రెండవ చేతితో చర్మాన్ని బిగదీసి, వెంట్రుకలు మొలిచిన దిశలోనే నడపండి. కొత్తవారు కొన్ని వారాలు చెంప మీద మాత్రమే సాధన చేసి, తర్వాతే మెడకు వెళ్ళడం క్షేమం.

పని ముగియగానే కడిగి, వెన్ను వైపు నుండి మెత్తని గుడ్డతో తుడిచి, కాసేపు గాలికి విప్పి ఉంచండి. పాత ఉస్తరాల ఉక్కు తేమ తగిలితే ఒక్క రాత్రిలో మచ్చ పడుతుంది. కొన్ని రోజులు వాడకపోతే ఒక చుక్క నూనె రాయండి. స్నానాలగదిలో పెట్టవద్దు. ఉస్తరా మడతకు తాళం ఉండదు, చిన్న వేలు తగిలినా విచ్చుకుంటుంది. పుట్టబోయే బిడ్డ ఏడాది తిరిగేసరికి గోడ పట్టుకొని నడుస్తుంది గనుక, దాని చోటు అలమరా పై అరలో, తాళం వేసిన డబ్బాలో.