లోబియా గింజను కొనుటకు ముందు

తెలుగువారు అలసంద యనియు, బొబ్బర యనియు, ఉర్దూ మాటాడువారు లోబియా యనియు పిలుచు గింజ ఒక్కటే. ఆఫ్రికాలో పుట్టి, వేల సంవత్సరముల క్రిందటనే మన దేశమునకు వచ్చి, ఇరువురి వంటలలోను కుదురుకొన్నది. అయినను వసతిగృహ భోజనములో దానికి చోటు అరుదు. చోటు దొరకిననాడైనను గింజ లావును, తెలుపును చూచి కొనుటయే కాని, అందేమున్నదని విచారించుట లేదు. ఈ పద్ధతి మారవలెనని మా అభిప్రాయము.

ఎండు గింజలు 100 గ్రాములలో సుమారు 23, 24 గ్రాముల మాంసకృత్తులుండును. అన్నమున కొరవడు లైసిను ఇందు సమృద్ధి. ఇందు కొరవడు మెథియొనిను అన్నమున మెరుగు. కనుక అన్నములోనికి బొబ్బర్ల కూర పేదవాని సర్దుబాటు కాదు, ఒకదాని లోటు నొకటి తీర్చు జత. ఇనుము, ఫోలేటు కూడ మెండు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏండ్ల స్త్రీలలో 57 శాతమునకు రక్తహీనత కలదని తేలిన దేశమున ఇది చిన్న మాట కాదు.

ఇక రకముల మాట. గింజ రంగు దాని పొట్టులోనిది. ఎర్రని, నల్లని పొట్టున టానిన్లు హెచ్చు. అవి మాంసకృత్తులు జీర్ణమగుటకును, ఇనుము ఒంటబట్టుటకును అడ్డుతగులును. అందుచే ముదురురంగు గింజ తక్కువదని కొందరందురు. మాకది తొందరపాటుగా తోచుచున్నది. రాత్రి నానవేసి ఆ నీరు పారబోసినను, మొలకెత్తించినను టానిన్లును, ఫైటేటును తగ్గును. నానిన బొబ్బర్ల పొట్టు కడిగి గారెలకు రుబ్బు మన అవ్వలు ఈ పని ఏనాడో నేర్చిరి. తినునపుడు నిమ్మరసము పిండినచో ఇనుము మరింత ఒంటబట్టును.

పశ్చిమాఫ్రికాలో గరుకు పొట్టు గల తెల్లని గింజకు మన్నన మెండు. అది నీటిని త్వరగా పీల్చును, పొట్టు సులువుగా నూడును. అచ్చటి అకారా అను వడలకు అనువు. అనగా మంచి గింజ యేదో వంటయే తేల్చును, కంటి చూపు కాదు. నైజీరియాలోని ఇబాదానులో 1967లో ఏర్పడిన అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ 15,000కు పైగా అలసంద నమూనాలను భద్రపరచియున్నది. ఇంత వైవిధ్యముండగా మనము ఒక్క రంగునే పట్టుకొని కూర్చుండుట విచిత్రము.

వారమునకు రెండు పూటలైనను భోజనశాలలో లోబియా వడ్డింపవలెనని కమిటీ పెద్దలను కోరుచున్నాము. కొనుటకు ముందు బజారున దొరకు మూడు నాలుగు రకములను తెప్పించి, వృక్షశాస్త్ర విద్యార్థులచే నూరు గింజల బరువును, నానినపుడు పీల్చిన నీటిని, ఉడుకు సమయమును కొలిపించవచ్చును. ఒక త్రాసు, ఒక గడియారము, ఒక పొయ్యి చాలును. వేడియు తేమయు గల గదిలో నెలల తరబడి నిలువయున్న గింజ ఎంత యుడికించినను మెత్తబడదు. పెంకుపురుగు బెడద వేరు. కనుక ఏడాదికి సరిపడు బస్తాలను ఒక్కసారే దింపించు అలవాటును ముందుగా మాన్పింపవలెను.