బూటు అడుగు గట్టిదైతే చాలదా?

"మొదట్లో అందరూ ఒకసారి పడతారు వదినా, అదేం పెద్ద విషయం కాదు" అన్నాడు మా ఆయనతో సైకిల్ తొక్కే పిల్లోడు. కుడి మణికట్టుకు కట్టుతో వచ్చిన మనిషికి అన్నం కలిపి పెట్టేది నేను. నాకు పెద్ద విషయమే.

క్లిప్‌లెస్ పెడళ్లని, బూటు కింద బిగించిన క్లీట్ వాటిలో టక్కున ఇరుక్కుంటుంది. మడమ పక్కకు తిప్పితేనే ఊడుతుంది. వెనకటిలా వేళ్లకు క్లిప్పు, పట్టీ లేవు కాబట్టి ఆ పేరంట. పట్టు మాత్రం ఎక్కడికీ పోలేదు! 1985లో బెర్నార్ ఇనో వీటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. గెలవనీ. ఆ రేసుకు రోడ్డు మూసేస్తారు. మా లింగాల రోడ్డు మీద అరటిగెలల ట్రాక్టరు, దాని వెనకే జీవాల మంద. ఆయన పడింది వేగంలో కాదు, గొర్రెలకోసం ఆగినప్పుడు. మడమ తిప్పాలని గుర్తొచ్చేలోగా నేల మీదున్నారు.

బూట్ల మీద నాకు కోపం లేదు. మెత్తటి బూట్లతో పార్నపల్లె దాకా పోయొస్తే పాదాలు మంటలనేవారు, గట్టి అడుగుతో తగ్గింది. కానీ గట్టి అడుగు వేరు, కాలు కట్టేసుకోవడం వేరు. అమ్మేవాళ్లు రెండూ కలిపి అంటగడతారు. మామూలు పెడళ్లకు సరిపోయే గట్టి అడుగు బూట్లూ ఉన్నాయి కదా.

కాదు, కట్టుకునే తీరాలంటారా? స్ప్రింగు వదులు చేసుకుని, ప్రహరీగోడ పట్టుకుని వందసార్లు పెట్టి తీయండి. ఆ తర్వాతే రోడ్డెక్కండి.

ఇది రాస్తుంటే మా పెద్దోడు ఆ బూట్లు వేసుకుని వరండాలో టకటకా నడుస్తున్నాడు.