తొలకరి కూర – తగిరిసాకు



తొలకరి చినుకులు పడగానే అరకు కొండల్లో గట్ల మీద, బాటల పక్కన తగిరిస మొక్కలు లేస్తాయి. కొందరు దీనిని తంటెం అంటారు. గాదెలో గింజలు తరిగే ఆ నెలల్లో ఎన్నో ఇళ్లకు ఈ ఆకే ఆదరువు. పేదల కూర అని చిన్నచూపు చూడవద్దని మా మనవి.

పూత రాకముందే లేత చిగుళ్లు గిల్లాలి, ముదిరితే చేదు. బాగా కడిగి, ఉడికించి, నీరు వార్చి పిండండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపులో వేయిస్తే రాగి అంబలిలో నంజుకోవడానికి బాగుంటుంది. కందిపప్పుతోనూ వండుకోవచ్చు. మిగిలిన ఆకు ఎండబెట్టి దాచుకోవచ్చు.

అయితే ఒక్క హెచ్చరిక. దీనికి దగ్గర చుట్టమైన కసివింద కూడా ఇలాంటి చోట్లనే మొలుస్తుంది. తగిరిస రెమ్మకు మూడు జతల ఆకులు, కొసలు గుండ్రన. కాయ సన్నగా, కొడవలిలా వంగి ఉంటుంది. కసివిందకు సాధారణంగా నాలుగైదు జతలు, కొసలు మొనదేలి ఉంటాయి, కాయ బల్లపరుపు. 2016లో మన పొరుగున, ఒడిశాలోని మల్కాన్‌గిరి జిల్లాలో 100 మందికి పైగా పసిబిడ్డలు చనిపోయారు. మొదట అంతా మెదడువాపు జ్వరమే అనుకున్నారు. వారిలో అనేకులను బలిగొన్నది కసివింద గింజల విషమని పరిశీలించిన నిపుణులు చెప్పారు.

కనుక ఆకు గుర్తెరిగిన పెద్దలే కోయాలి. రెండు మొక్కలనూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి. ఇంటి చుట్టూ ఉన్న కసివిందను కాయ పట్టకముందే పీకివేయండి. అమ్మమ్మకు తెలిసిన ఆకు మనవరాలికీ తెలిస్తేనే మన పిల్లలు క్షేమంగా, కడుపునిండా తింటారని మేము నమ్ముతున్నాము.