మూలనపడ్డ జన్యువే... మందుకు దారి!

బేతంచెర్ల అనగానే ఇళ్లలో పరిచే నాపబండలే గుర్తొస్తాయి. ఆ సున్నపురాతి కొండల్లోనే బిల్వస్వర్గం గుహలూ ఉన్నాయి. 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వితే, ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కడా కనిపించని ఖడ్గమృగం లాంటి జంతువుల ఎముకలు బయటపడ్డాయి. అలాంటి పాత ఆనవాళ్లు గుహల్లోనే కాదు, మన ఒంట్లోని కణాల్లోనూ ఉన్నాయి. వాటి పేరు సూడోజీన్లు. తెలుగులో చెప్పాలంటే ఉత్తుత్తి జన్యువులు!

రాత చెడిన చీటీలు

జన్యువు అంటే ప్రొటీన్‌ను ఎలా తయారుచేయాలో రాసిపెట్టిన చీటీ. తరతరాలుగా నకలు మీద నకలు తీస్తూపోతే కొన్ని చీటీల్లో అక్షరాలు చెడిపోతాయి. కప్ప జన్యువుల్లో ఇలాంటి దాన్ని గుర్తించి, 1977లో తొలిసారి ఆ పేరు పెట్టారు. మనుషుల్లో ఇవి పది వేలకు పైనే. విటమిన్-సి తయారుచేసే జన్యువు మనలో ఇలాగే పాడైంది. ఉసిరి, జామ, నిమ్మ తినాల్సి వస్తున్నది అందుకే.

వీటిని చాలాకాలం చెత్త కిందే జమకట్టారు. కానీ 2010లో బోస్టన్ శాస్త్రవేత్తలు ఓ సంగతి కనిపెట్టారు. క్యాన్సర్‌ను అదుపులో ఉంచే 'పీటెన్' అనే జన్యువుకు ఓ ఉత్తుత్తి నకలు ఉంది. వేరుశనగ చేను చుట్టూ ఆముదం వేస్తే లద్దెపురుగు దాని మీదకు పోతుంది కదా! అలాగే పీటెన్‌ను అణచివేసే సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలను ఈ నకలు తనవైపు లాక్కుంటుంది. కొన్ని క్యాన్సర్లలో ఆ నకలే కనిపించకుండా పోతోంది. అందుకే ఇలాంటివాటిని జబ్బు జాడ చెప్పే గుర్తులుగా వాడొచ్చా అని పరిశోధిస్తున్నారు.

సగం చెడిన తమ్ముడు

ఇదే దారిలో మందు దాకా వచ్చిన కథ ఒకటుంది. అది పసిపిల్లల కండరాలు చచ్చుబడే ఎస్ఎంఏ జబ్బుది. నరాలను కాపాడే ప్రొటీన్‌ను ఎస్ఎంఎన్1 జన్యువు తయారుచేస్తుంది. దాని తమ్ముడు ఎస్ఎంఎన్2. ఇది పూర్తిగా ఉత్తుత్తిది కాదు, సగం చెడింది. కీలకమైన ఒక్క అక్షరం మారడంతో పనికొచ్చే ప్రొటీన్ పదోవంతే తయారవుతుంది. అన్న లేని బిడ్డకు ఆ తమ్ముడే దిక్కు. ఎస్ఎంఎన్2 నకళ్లు ఎక్కువుంటే జబ్బు తీవ్రత సాధారణంగా తగ్గుతుంది. అందుకే వైద్యులు ముందు వాటిని లెక్కపెడతారు.

ఆ తమ్ముడి చేతే సరిగా పనిచేయిస్తే? వెన్నులోకి ఎక్కించే నుసినెర్సెన్‌కు 2016లో, నోటితో తాగే రిస్డిప్లామ్‌కు 2020లో అమెరికా అనుమతి ఇచ్చింది. మన దేశంలో రిస్డిప్లామ్ సీసా ధర ఆరు లక్షల రూపాయల పైమాటగా ఉండేది! పేటెంటు వివాదం కోర్టులు దాటాక, 2025 అక్టోబరులో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా అదే మందును సీసా రూ.15,900 ధరతో తెచ్చింది. అయినా ఇది చిన్న ఖర్చు కాదు. మందు రోజూ వాడుతూనే ఉండాలి. బరువు పెరిగేకొద్దీ సీసాలూ పెరుగుతాయి. పైగా అప్పటికే చచ్చిపోయిన నరకణాలను ఏ మందూ తిరిగి తేలేదు. ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు.

మేనరికం ఉంటే...

తల్లిదండ్రులిద్దరిలోనూ చెడిన ఎస్ఎంఎన్1 ఒక్కోటి ఉంటే వాళ్లు ఆరోగ్యంగానే కనిపిస్తారు. బిడ్డకు మాత్రం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు. బయటి సంబంధాల్లోనూ ఇది రావచ్చు. అయితే ఇంటి వంశంలో జబ్బు ఉన్నప్పుడు మేనరికం ఆ ముప్పును పెంచుతుంది. అలాంటివాళ్లు పెళ్లికి, కాన్పుకు ముందే జన్యు సలహా తీసుకోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఇందుకోసం వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది.

నెలలు గడుస్తున్నా బిడ్డ మెడ నిలవకపోయినా, కాళ్లు ఆడించకపోయినా 'మా ఇంట్లో అందరూ ఆలస్యమేలే' అని ఊరుకోవద్దు. వెంటనే పిల్లల వైద్యుడికి చూపించాలి. ఈ జబ్బులో పోగొట్టుకున్న నెలలు మళ్లీ రావు.